రాతిగోడ పాము

సాందాన్‌స్కి పట్నంలో ఒక మూడో అంతస్తు వంటగది, జూలై మధ్యాహ్నం. అక్క రుమ్యానా చెప్పాపెట్టకుండా వచ్చింది. చెల్లెలు నెవెనా భోజనం మధ్యలో లేచి తలుపు తీసింది.

"కూర్చోనని చెప్పాను గదా నెవెనా. ఊరికే ఆ కుర్చీ లాగకు."

"నిలబడి తిడితే కోపం ఇంకా పెరుగుతుందక్కా. చిక్కుడుగింజల సూపు వేడిగా ఉంది. కాస్త పోయనా?"

"నీ మొగుడెక్కడ?"

"పొద్దున్నే సోఫియా వెళ్ళాడు. బహుమతి వచ్చిన ఫొటోలన్నీ అక్కడ గోడలకి తగిలిస్తున్నారట. సాయంత్రానికి వస్తాడు. నీకు చెప్పలేదూ?"

"చెప్పలేదు. ఫొటో కూడా చూపించలేదు. మందుల షాపులో అమ్మాయి చూపించింది, తన ఫోనులో. మీ మరిదిగారి పాము ఎంత ముద్దుగా ఉందో అంది. మా మరిదిగారి పాము."

"ముద్దుగానే ఉంది కదక్కా. అందరూ అదే అంటున్నారు."

"ఉంది. తెల్లటి బండ మీద, పక్కన రెండు పువ్వులు పెట్టుకుని, పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు ఉంది. పాము ఎక్కడైనా అలా కూర్చుంటుందటే?"

"ఆయన ఎండలో బోర్లా పడుకుని తీస్తాడు. నువ్వే అనేదానివి, బోజిదార్‌కి ఉన్న ఓపిక మన ప్రకృతి సంఘంలో ఎవరికీ లేదని."

"అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు నోరు పుక్కిలించుకోవాలని ఉంది."

"అంత మాటెందుకు? నువ్వు కనిపెట్టిన పాముకి ఆయనకి బహుమతి వచ్చిందని నీకు బాధగా ఉంది. చెప్పకూడదూ ఆ మాట."

"ఆ పాముని నేనెలా చూశానో నీకు తెలుసా?"

"తెలుసు. చాలాసార్లు చెప్పావు."

"ఒక్కసారే చెప్పాను. నువ్వప్పుడు టీవీ చూస్తున్నావు. ఇప్పుడు విను."

"చెప్పు."

"వారమంతా డాక్టరు పక్కన నిలబడి జనం పళ్ళు చూస్తాను. ఆదివారం వస్తే క్రెస్నా లోయ. నాకు వేరే సుఖం లేదు నెవెనా. ఏ మొక్క ఎక్కడుంది, ఏ పురుగు ఏ ఆకు తింటోంది, చూడటం, పోల్చుకోవడం, ఫొటో తీసి సంఘం మ్యాప్‌లో పెట్టడం. అదంతా నేర్పింది మా సంఘం పెద్ద, లాచెజార్ మాస్టారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక రాయి ఎత్తి పక్కన పడేస్తే, నా చేతికే మళ్ళీ ఇచ్చి, ఎలా ఉన్నది అలా పెట్టమన్నారు. అది ఎవరింటికో పైకప్పమ్మా అన్నారు. అప్పటినుంచి నేను రాయి ఎత్తితే పసిబిడ్డని పడుకోబెట్టినట్టు తిరిగి పెడతాను."

"ఆ మాస్టారి సంగతులు తెలుసులే."

"సరే. ఈ చిరుతమచ్చల పాముని మా సంఘంలో ప్రాణాలతో చూసినవాళ్ళు లేరు. ఒకటి మాత్రం పెద్దరోడ్డు మీద లారీ కింద నలిగి దొరికింది. ఎన్నేళ్ళు తిరిగామో. పోయిన ఏడు మే నెలలో, ఆ వదిలేసిన ద్రాక్షతోట దగ్గర, పాత రాతిగోడ మీద ఎండకి పడుకుని కనిపించింది. ముందు నాలుగు చారల పాము పిల్ల అనుకున్నాను. దానికీ మచ్చలుంటాయి, కానీ మట్టిరంగువి. దీనివి ఎరుపు. మనం దండకట్టి ఆరబెట్టే మిరపకాయలు చూడు, ఆ ఎరుపు, చుట్టూ సన్నగా నల్లంచు. మెడ వెనక రెండు మచ్చలు కలిసిపోయి ఎనిమిది అంకెలా ఉన్నాయి. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అది తాపీగా, నన్నేమీ లెక్కచెయ్యకుండా, గోడ సందులోకి వెళ్ళిపోయింది. అక్కడే గడ్డిలో కూర్చుని ఏడ్చాను. పాముని చూసి ఏడిచిందని నవ్వుకో."

"నవ్వట్లేదు."

"ఇద్దరికే చెప్పాను. మాస్టారికి ఫోను చేస్తే, చోటు ఎవరికీ చెప్పకు, మ్యాప్‌లో కూడా పెట్టకు, పాములు పట్టేవాళ్ళు అక్కడే కాచుకుని ఉంటారు అన్నారు. పెట్టలేదు. రెండోది నీ మొగుడు. మోకాలు నొప్పిగా ఉంటే కారులో దింపింది అతనే కదా. ఇంట్లో మనిషే అనుకున్నాను. గోడ ఇదీ అని వేలుపెట్టి చూపించాను."

"అయితే ఫొటో తీస్తే తప్పేమిటి? నువ్వూ తీస్తావు కదా."

"నిన్న వెళ్ళాను అక్కడికి. బస్సు దిగి, ఈ మోకాలితోనే నడిచి. గోడ లేదు నెవెనా."

"లేకపోవడమేమిటి?"

"లేదు. ఈ చివరనుంచి ఆ చివరదాకా పెకలించేశారు. రాళ్ళన్నీ గడ్డిలో వెల్లకిలా పడి ఉన్నాయి. ఎప్పుడూ ఎండ తగలని వైపంతా పైకి వచ్చి ఎండిపోయింది. నడుమ గుడ్లు. తోలుసంచుల్లా ముడుచుకుపోయాయి. వాటి నిండా చీమలు. పక్కన రాయి కింద ఒక బల్లి అతుక్కుపోయి ఉంది. ఆ కంపు ఇంకా నా ముక్కులోనే ఉంది. స్నానం చేసినా పోలేదు."

"గొర్రెలు తోసేసి ఉంటాయి. ఆ గుట్టల మీద గొర్రెలు తిరుగుతాయిగా."

"గొర్రెలు గడ్డపార పట్టుకొచ్చాయా?"

"అదేం మాటక్కా."

"గడ్డపార దిగిన గుర్తులున్నాయి. మట్టిలో గుంటలు, రాళ్ళ మీద చెక్కుకుపోయిన తెల్లటి గీతలు."

"పాములు పట్టేవాళ్ళని నువ్వే అన్నావుగా. బయటి దేశాలనుంచి కూడా వస్తారట. వాళ్ళే అయ్యుంటారు. ఆయన అలాంటివాడు కాదు. పిల్లలకి బళ్ళోకి వెళ్ళి చెప్పి వస్తాడు, జీవాలని ముట్టుకోకూడదని."

"ఫొటోలో పాముకి మెడ వెనక ఎనిమిది ఉంది. అదే పాము."

"అదే పాముని ఆయన తీశాడు, తరవాత ఇంకెవరో వచ్చి గోడ పడగొట్టారు. అలా ఎందుకు కాకూడదు?"

"కావచ్చు. అందుకే అతన్ని మొహమ్మీదే అడుగుదామని వచ్చాను. దారంతా నేను కూడా అదే అనుకుంటూ వచ్చాను, ఇంకెవరో అయ్యుండాలి అని. సర్లే, సాయంత్రం దాకా కూర్చుంటాను. నోరెండిపోతోంది. మజ్జిగ ఉందా?"

"ఉంది. నేను తెస్తాను. నువ్వు కూర్చో."

"కూర్చోమంటే నిలబడతాను, మజ్జిగ నేను తీసుకోలేనా? జరుగు."

"నేను తీస్తానక్కా. ఫ్రిజ్ సర్దలేదు. లోపలంతా గలీజుగా ఉంది."

"మనిద్దరం ఒకే మంచం మీద పెరిగాం. నీ గలీజు నాకు కొత్తా?"

"వద్దన్నానా."

"ఏమైందే నీకు? ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడ్డావేం?"

"అక్కా, తెరవకు. నీకు దండం పెడతాను."

"తప్పుకో నెవెనా."

"అయ్యో, తెరిచేశావా."

"జున్ను డబ్బా మూతకి ఈ చిల్లులేమిటి?"

"మూసెయ్యి."

"ఈ సీసాలో ఏమిటివి? కప్పలా? ఇన్ని కప్పలు ఒకదాని మీద ఒకటి. ఇది పెరుగు డబ్బాయే కదా, ఇందులో గొల్లభామ. కాళ్ళకి జిగురు. నెవెనా, దీని కాళ్ళకి ఎవరో జిగురు పూశారు."

"కొమ్మ మీద నిలబడటానికి. లేకపోతే ఎగిరిపోతుందట."

"ఎగిరిపోతుందట."

"చల్లగా ఉంటే అవి కదలవు. బయట పెట్టాక కాసేపటిదాకా ఎలా పెడితే అలా ఉంటాయి. ఆ కాసేపట్లో తీసుకుంటాడు. అందరూ ఇలాగే చేస్తారట. నొప్పి తెలియదట."

"వెన్న ఎక్కడుంచుతావు?"

"అది వేరే అర."

"ఏ అర?"

"ఇదే అర. కానీ నేను కడుగుతానక్కా. రోజూ కడుగుతాను, ఘాటు మందు వేసి. నా చేతులు చూడు, తోలు ఊడిపోయింది. మొదట ఒక్క డబ్బా, ఒక్క రోజు అన్నాడు. తరవాత రెండు. ఒకసారి పెరుగు అనుకుని మూత తీసి చెంచా పెట్టబోయాను. అప్పటినుంచి నేను పెరుగు తినడం మానేశాను."

"చిన్నప్పుడు జ్వరమొచ్చినా పెరుగు లేకుండా ముద్ద దిగేది కాదు నీకు."

"ఇప్పుడు తెల్లటిది ఏది చూసినా వాంతి వస్తుంది."

"మరి ఎందుకు నోరు మూసుకున్నావు? నన్నొక్కదాన్ని పిలిచి చెప్తే ఏం పోయింది?"

"ఏం చెప్పను? గిడ్డంగిలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ ఆయన్ని పలకరించినవాడు లేడు. పెళ్ళిళ్ళలో చివరి బల్ల దగ్గర కూర్చోబెట్టేవాళ్ళు. ఇప్పుడు మేయరు లేచి వచ్చి చెయ్యి కలుపుతున్నాడు. బళ్ళలో పిల్లలు లేచి నిలబడుతున్నారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహం నువ్వు చూడలేదు. నేను చూశాను. ఆ మొహం కోసం డబ్బాలు కడిగాను."

"కింద ఉన్న ఈ పెద్ద డబ్బా? చెప్పు. నేను తియ్యనా, నువ్వు చెప్తావా?"

"నీకు తెలిసిందే అది."

"దేవుడా."

"ఫొటో అయిపోయాక వదిలేస్తానన్నాడు. తరవాత ఇంకో ఫొటో కావాలన్నాడు, చెట్టు మీద. మొన్న ఒకరోజు అది కదిలితే డబ్బా అరకి తగిలి టకటకమంది. నేను వంట చేస్తున్నాను. పొయ్యి ఆపేసి కిందికి పోయి చీకటి పడేదాకా వీధిలో నిలబడ్డాను."

"ఎనిమిది ఉంది. అదే. ఎంత చిక్కిపోయిందో. చర్మం ముడతలు పడిపోయింది. ఏదీ, ఆ తువ్వాలు ఇలా ఇయ్యి. ఎండలో పెట్టకూడదు, మెల్లగా వెచ్చబడాలి. నా ఒళ్ళో ఉంచుకుంటాను."

"చచ్చిపోయిందా?"

"ఉండు."

"అక్కా, చచ్చిపోయిందా? నేను రోజూ దాని పక్కనుంచే కూరలు తీశాను."

"నాలుక బయటపెట్టింది. చూడు, మళ్ళీ పెట్టింది. ఉంది. ప్రాణం ఉంది."

"అమ్మయ్య. తీసుకుపో అక్కా. ఆయన వచ్చేలోగా తీసుకుపో. డబ్బాలన్నీ తీసుకుపో. నేనే పారబోశానని చెప్తాను. కొడితే కొడతాడు."

"కొడతాడా?"

"మాటకన్నాను."

"మాటకన్నావో ఏమన్నావో తరవాత మాట్లాడుకుందాం. నా సంచిలో ఫోనుంది, తియ్యి. నా చేతులు ఖాళీ లేవు."

"ఎవరికి?"

"మాస్టారికి."

"ఆయనకి వద్దు."

"ఏం?"

"వద్దు. పోలీసులకి చెయ్యాలంటే చెయ్యి. అడవి ఆఫీసు వాళ్ళకి చెయ్యి. నేనే తలుపు తీసి చూపిస్తాను. మాస్టారికి మాత్రం వద్దక్కా."

"పోలీసులకి భయపడవు, ఆయనకి భయపడతావు. ఇంకా సిగ్గుందన్నమాట, మంచిదే. ఆయన ఒక్కమాట అంటే చాలు, ఆ ఫొటో గోడ మీంచి దిగుతుంది, నీ మొగుడు సంఘం మెట్టెక్కడు. నొక్కు. స్పీకరులో పెట్టు, నువ్వు కూడా వినాలి."

"అక్కా, నేను చెప్పేది ఒక్కసారి..."

"నొక్కమన్నానా."

"రుమ్యానా, చెప్పమ్మా. ఈ ఎండలో బయట తిరుగుతున్నావా ఏమిటి?"

"లేదు మాస్టారూ. చెల్లెలింట్లో ఉన్నాను. మాస్టారూ, మన గోడ పాము ఇక్కడుంది. ఫ్రిజ్‌లో. బోజిదార్ డబ్బాలో పెట్టి దాచాడు. ఇంకా కప్పలు, పురుగులు, చెప్పడానికి నాకు నోరు రావట్లేదు. అక్కడ గోడంతా గడ్డపారతో పెకలించేశాడు. గుడ్లన్నీ పోయాయి. నిన్న నా కళ్ళతో చూశాను. మాస్టారూ, వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది. ప్రాణంతో ఉందా?"

"ఉంది. నా ఒళ్ళో ఉంది, తువ్వాల్లో. నాకు అసహ్యంతో ఒళ్ళు మండిపోతోంది మాస్టారూ. మీరు సోఫియాకి ఫోను చెయ్యాలి. మీరు చెప్తేనే వింటారు. అతని మొహం నేను ఇంక చూడలేను."

"ఏ అరలో పెట్టాడు?"

"ఏమిటి మాస్టారూ?"

"పై అరలో కాదు కదా? అక్కడ పెడితే గడ్డకట్టి చచ్చిపోతాయి, కూరగాయల అరలోనే పెట్టుకోమని మొదటి డబ్బా నేను ఇచ్చినప్పుడే చెప్పాను వాడికి."