పాతిపెట్టిన డ్రాయర్లు

అబ్బబ్బ, అరవకండి! మీ డ్రాయర్లు దొంగలెత్తుకుపోతారా? వాళ్ళకీ ఓ పరువుంటుంది. తీసింది నేనే. రెండింటినీ మట్టిలో పాతిపెట్టాను. మూడు నెలలకి కనపడిందా మీకు లోటు?

పిచ్చి కాదండీ, పరీక్ష. మట్టి పరీక్షల ల్యాబులో జీతం తీసుకుంటున్నదాన్ని, ఆ మాత్రం తెలీదా? మన్నులో కంటికి కనపడని జీవాలు కోట్లకు కోట్లు. నూలు గుడ్డ దొరికిందా, వాటికి విందే! అందుకే ఒకటి పెరట్లో నా టమాటా మొక్కల పక్కన పాతాను. ఇంకోటి ఇనుప సామాన్లకి మెరుగుపూత వేసే మీ ప్లేటింగు షాపు వెనక, తొట్లు కడిగిన నీళ్ళు పారబోస్తారే, అక్కడ. నిన్న తవ్వి తీశాను.

ఇదిగో, పెరట్లోది. ముట్టుకోండి, కరవదు. ఏం మిగిలింది? నడుం పట్టీ! గుడ్డంతా హాయిగా భోంచేశాయి. మరి షాపు వెనకదో? చిరుగు లేదు, చిల్లి లేదు. పెళ్ళికి వేసుకెళ్ళొచ్చు! ఎక్కడుందా? చెప్తా, ఆగండి.

గుడ్డ గట్టిదంటారా? రెండూ ఒకే డబ్బాలోవేగా! తినేవాళ్ళు లేక మిగిలిందండీ అది. మీ నికెలూ క్రోమియమూ కలిసి సగం జీవాల్ని చంపాయి, మిగతావాటిని మూలకూర్చోబెట్టాయి.

క్రిములేగా, పోతే పోనీ అంటారా? ఎంత తేలిగ్గా అనేశారు! రాలిన ఆకుని మన్ను చేసేదెవరు? వేరు నోటికి ముద్ద అందించేదెవరు? అయినా, చాకిరీ చేసేవాళ్ళు మీ కంటికి ఆనకపోవడం కొత్తేం కాదులెండి. గిన్నెలు వాటంతటవే కడుక్కుంటాయనుకునే మనిషి!

ఇప్పుడు షాపు చాలట్లేదని ఆ తొట్లు నా పెరట్లో దింపుతానంటారు. వద్దని మొత్తుకుంటే, "ఆ నీళ్ళు ఒంటికంటినా ఏం కాదే" అన్నారు. అదుగో, బండి కూడా వచ్చి గుమ్మం ముందాగింది.

సరే, దింపించండి. ఏం కాదన్నారుగా! ఆ రెండో డ్రాయరు ఇంకా నిక్షేపంలా ఉంది కదా, పారేయడమెందుకని ఓసారి జాడించి మీ అలమారలో పెట్టేశాను. పొద్దున స్నానం చేసి తొడుక్కున్నారే...

అయ్యో, ఎక్కడికండీ ఆ పరుగు? అంతలా గోక్కోకండి, చర్మం లేచిపోగలదు!

బాత్రూం తలుపు వెనకనుంచి ఏమంటున్నారు? వినపడట్లేదు. బండిని వెనక్కి పంపేయాలా? గట్టిగా చెప్పండి, డ్రైవరుకీ వినపడాలి. ఆ... ఏమయ్యా, విన్నావుగా! తొట్లు మళ్ళీ షాపుకే తీసుకెళ్ళమంటున్నారు. ఆ నీళ్ళు శుద్ధి చేసే మిషను సంగతి, మీరు బయటికొచ్చాక మాట్లాడుకుందాం లెండి.

హమ్మయ్య. బండి మలుపు తిరిగింది.

ఇప్పుడు చెప్పనా? మీ ఒంటిమీదున్నది మామూలుదే. షాపు వెనకది ఈ సంచిలో భద్రంగా ఉంది.

తిట్టండి, పడతాను. కానీ మన్ను చచ్చిపోయిందంటే కదల్లేదు, పెళ్ళాం మొత్తుకుంటే కదల్లేదు. చివరికి లేని దురదకి కదిలారు. నేనేం చేయనండీ మరి!