చింతపండుతో తోమిన తూటాలు

హలో… ఆ, నేనే. సుభాన్‌నే. చెప్పు ఇనాయతుల్లా.

…మలాజ్ పేట రూములోనే ఉండా. పెట్టె కట్టుకుంటాండా. ఖురూజ్ కొట్టి ఇంటికి పంపిస్తాండారు గదా, ఎల్లుండి ఫ్లైటు. నీకు తెలీదా ఏమి?

…సాయమా? రైఫిల్ క్లబ్బులో నా కుర్చీలో కూర్చున్నావు. ఇంగా నా సాయమెందుకు?

…ఓ. కాల్చిన తూటాల గొట్టాల్లో పాతవేవో కొత్తవేవో తెలీడం లేదా. ఎట్ల తెలుస్తాదిరా? ఒకసారి కాలిస్తే గొట్టం అడుగున మార్కరుతో ఒక గీత, మళ్లా మందు నింపేది. ఐదు గీతలైతే పారేసేది. నాలుగేండ్లు అదే నా పని.

…మురికి కాదు. గీతలు.

…ఉమ్రా యాత్రకు పోతాండా, మూడు దినాలు చూసుకోమన్నా. చూసుకోమంటే చింతపండు నానబెట్టి తోమతావా? అవేమన్నా మీయమ్మ రహమత్బీ బిందెలా?

…ఆ, మెరిసినాయి. మెరిసినాయనే గదా మేనేజరు ముదీర్‌కు చూపించి, సుభాన్ ఇన్నాళ్లూ మురికిగా పెట్టినాడంటివి. నీకు వీసా తెప్పించింది నేను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినావు.

…తూచినా లాభం లేదు. ఒకే బరువువి ఏరి పెడితే గుండ్లన్నీ ఒక్కచోట తగులుతాయి, అంతే. ఎన్నిసార్లు కాలిందో త్రాసు చెప్పదు. అలసిపోయిన ఇత్తడి తుపాకీలో పగిలితే—

…ఆ. కన్ను పోతాది.

…ఒకటే దారి. అన్నీ పారేయి. గీతలు నేనే చెరిపినా, సుభాన్ తప్పేమీ లేదని ముదీర్‌కు చెప్పు.

…నీ ఉద్యోగం పోతాదా? నాది పోలేదా?

…ఏమీ కాదంటావు. అవే నింపి రేపు పోటీకి ముదీర్ చేతికిస్తావు. సరే. పొద్దున్నే ఆయనకు ఫోన్ చేసినాలే.

…నమ్మలేదు. కడుపుమంటతో చెప్తాండా అనుకున్న్యాడు. అందుకే ఒకటే అడిగినా. మొదటి పది తూటాలు ఇనాయతుల్లాతో కాల్పించండి, వాడు కాలిస్తే నేను అబద్ధాలకోరును అన్నా. దానికి ఒప్పుకున్న్యాడు.

…నిజమే చెప్తాండా. రేపు పొద్దున ఎనిమిదికి. తుపాకీకి చెంప ఆనించి కాల్చు.

…కాల్చవా? ఎందుకు, బాగా మెరుస్తాండాయి గదా.

…ఏడ్చి నాకు చెప్తే ఏం లాభం? ముదీర్ గది పక్కనే, పోయి ఆయనకు చెప్పు. ఫోన్ పెట్టేస్తాండా.