మొండిఘటం జవాబు

ఆస్పత్రి క్యాంటీన్‌లో నర్సు తన ఫోన్‌ను అన్న ముందుకు తోసింది. అతను ఆస్పత్రులకి సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ఇంజినీరు.

"మీ కంపెనీ ఫోరంలో ఈ 'మొండిఘటం' నువ్వేగా? అమ్మ పెట్టిన పేరు ఇంకెవరు వాడతారు?"

"నేనే. మా కొత్త సాఫ్ట్‌వేర్ మందు మోతాదు తప్పు చూపిస్తోందని ఎవరో నర్సు గోల చేస్తోంది. చదవడం రాకపోతే ఉద్యోగం మానెయ్యమన్నాను."

"ఆ నర్సుని నేనే."

అతను కప్పు కింద పెట్టాడు.

"నువ్వని తెలిస్తే అలా రాసేవాణ్ణా?"

"అంటే, వేరేవాళ్ళనైతే అనొచ్చన్నమాట. మా సూపరింటెండెంట్ నీ జవాబు మీటింగులో చూపించి, నా ఫిర్యాదు పక్కన పడేశాడు. నిన్న ఒక పాపకి రెట్టింపు మందు ఎక్కింది."

"పాపకి ఎలా ఉంది?"

"ఇంకా కళ్ళు తెరవలేదు."

"ఆ జవాబు తీసేస్తాను."

"తీసెయ్యకు. నీ వెనక బల్ల దగ్గరున్నది ఆ పాప వాళ్ళ నాన్నే. వెళ్ళి ఆయనకి చదివి వినిపించు."

అతను తల తిప్పలేకపోయాడు.