బొమ్మకు నాడి

నర్సింగ్ స్కూలు ప్రాక్టికల్ గదిలో, ప్లాస్టిక్ బొమ్మ పడుకున్న మంచానికి చెరోవైపు ఇద్దరు. ఒకరు యాభైకి దగ్గరపడ్డ టైలరమ్మ, ఇంకొకరు మొన్నటిదాకా బస్సులో టిక్కెట్లు కొట్టిన కండక్టరు. బొమ్మ మణికట్టు పట్టుకున్న టైలరమ్మ ఉలిక్కిపడింది.

“తమ్ముడూ, దీనికి నాడి ఆడుతోంది!”

“ప్లాస్టిక్‌కి నాడేంటక్కా? బొటనవేలితో పట్టుకున్నావా?”

“ఆఁ.”

“నిన్న నువ్వు రాలేదుగా, మేడం నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. బొటనవేలు పెడితే మన నాడే మనకి తగులుతుందట. చూపుడువేలు, మధ్యవేలు పెట్టి చూడు. ఉందా?”

“లేదు.”

“అంతే మరి! అదేంటక్కా, ముఖం అలా పాలిపోయింది?”

“మా ఆయన పోయాడని డాక్టరు చెప్తే నేను నమ్మలేదు. చెయ్యి పట్టుకుంటే నాడి తగిలింది. మా మరిది నన్ను బలవంతంగా లాగేశాడు. ప్రాణం ఉండగానే పూడ్చిపెట్టాడని ఇన్నేళ్ళూ వాడి ముఖం చూడలేదు.”

“అందుకేనా, ఈ వయసులో నర్సింగు?”

“ఇంకెవరికీ అలా జరగకూడదని.”

కండక్టరు తలుపు వైపు చూశాడు.

“అక్కా, చెయ్యి తియ్యి. మేడం వస్తోంది.”

ఆమె రెండు వేళ్ళూ తీసి, మళ్ళీ బొటనవేలే పెట్టింది.

“ఉండు తమ్ముడూ. ఇంకా కొట్టుకుంటోంది.”