తొమ్మిదో అంతస్తు

సాయంత్రం ఆరు. మధ్యాహ్నం పట్టిన వాన ఇంకా వదల్లేదు.

మా అమ్మాయి ఇంటర్వ్యూకి వెళ్లి ఇంకా ఇంటికి చేరలేదు. ఊరి చివర మందుల గోదాములో స్టాకు చూసే ఉద్యోగం. ఫోను చేస్తే స్విచ్చాఫ్ అని వస్తోంది. వంతెన దగ్గర బస్సొకటి పక్కకి ఒరిగిపోయిందని ఎవరో అనుకుంటుంటే ఇస్త్రీ అతను విన్నాడట. ఏ బస్సో అతనికి తెలీదు. ఆ మాట చెవిన పడగానే మా ఆయన గొడుగు కూడా తీసుకోకుండా వెళ్లారు.

నేను పొడి తువ్వాలు పట్టుకుని వరండాలో నిలబడ్డాను. మడత విప్పాను. మళ్లీ మడతపెట్టాను.

మెట్ల మీద నా తమ్ముడు కూర్చున్నాడు. వీధిలో వాణ్ణి అందరూ రేడియో అంటారు. ఆపే మీట లేదని. బండి మీద పట్టా కప్పేసి వానకి మా పంచన చేరిన ఇస్త్రీ అతను, రెండో అంతస్తు ఆవిడ వాడికి దొరికారు.

"ఇలాంటి వానే ఆ రోజు కూడా," అని మొదలెట్టాడు.

మా ఇంట్లో ఈ కథ కొత్త కాదు. అదే గోదాముకి వాడు ఒకప్పుడు ఇంటర్వ్యూకి వెళ్లాడు. లిఫ్టు పాడైతే తొమ్మిది అంతస్తులు ఎక్కాడు. అమ్మాయికి అక్కణ్ణుంచే పిలుపొచ్చేసరికి వాడే గురువయ్యాడు. "ఆయాసపడుతూ వెళ్తే ఎంత చదివినా దండగే" అన్నాడు. అమ్మాయి నమ్మింది. మాది మూడంతస్తుల ఇల్లు. రోజూ పొద్దున్నే మూడుసార్లు పైకి ఎక్కేది, జవాబులు గట్టిగా చెప్పుకుంటూ. ఆ జవాబులు ఇప్పుడు రెండో అంతస్తు ఆవిడకి కూడా కంఠతా వచ్చు. ఫోను ఆపెయ్యమన్నదీ వాడే. ఉద్యోగం చేతికొచ్చేదాకా ఆన్ చెయ్యొద్దన్నాడు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, మీకు తెలుసు కదా, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అందరికంటే ముందు వెళ్లాను, అంతే. వెళ్లేసరికి కాపలా అతనింకా పళ్లు తోముకుంటున్నాడు. ఆఫీసేమో తొమ్మిదో అంతస్తు, లిఫ్టేమో పాడు. మిగతా వాళ్లంతా దాని మీట నొక్కుకుంటూ నిలబడ్డారు, నేను మాత్రం ప్యాంటు అంచు మడిచి మెట్లెక్కడం మొదలెట్టాను."

"ఆయాసం రాలేదా అన్నా?" అన్నాడు ఇస్త్రీ అతను.

"ఎందుకు రాదు, మూడో అంతస్తులో వచ్చింది. పొమ్మన్నాను. పోయింది."

గేటు చప్పుడైంది. ముందుకెళ్లి చూశాను. గాలి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగో అంతస్తులో ఉండగా పైనుంచి నా పేరు పిలిచారు. అప్పుడు పరిగెత్తితే మర్యాదగా ఉండదు కదా, అక్కణ్ణుంచే నమస్కారమండీ అన్నాను. మీ గురించి చెప్పండి అని పైనుంచి కేకేశారు. చెప్పుకుంటూ ఎక్కాను. దారిలో ఆరో అంతస్తు దగ్గర పెద్దాఫీసరు కూలబడి ఉన్నారు, పాపం భారీ మనిషి, ఆయన్ని ఒక భుజం మీద వేసుకుని, ఆయన కుర్చీని ఇంకో భుజం మీద వేసుకుని..."

"కుర్చీ మెట్ల మీదెందుకుంది?" అంది రెండో అంతస్తు ఆవిడ.

"పెద్దాఫీసరండీ! కుర్చీ లేకుండా ఎక్కడికీ కదలరు. నేను గదిలో అడుగుపెట్టేసరికి సగం ఇంటర్వ్యూ అయిపోయింది."

ఎక్కడో అంబులెన్సు కూత. మా వీధి మొదటిదాకా వచ్చి అటు తిరిగిపోయింది. తువ్వాలు జారిపడితే తీసుకున్నాను.

తమ్ముడి గొంతు పెరిగింది.

"లోపల ఐదుగురు కూర్చున్నారు! నీలో లోపమేమిటో చెప్పమన్నారు! ఉన్నదానికంటే ఎక్కువ చెప్పడం నాకు చేతకాదండీ, ఆ ఒక్కటే లోపం అన్నాను!"

ఇస్త్రీ అతనికి దగ్గొచ్చింది. ఆవిడ చేత్తో నోరు మూసుకుంది.

"నవ్వండి, నవ్వండి. అడిగి అడిగి వాళ్లు అలిసిపోయారు. ఇక నేను అడగడం మొదలెట్టాను. మీరేం చదివారు, మీ ఇల్లెక్కడ, ఈ ఉద్యోగం మీకెందుకు? ఇద్దరు తడబడ్డారు. ఫరవాలేదు, మళ్లీ ప్రయత్నించండని వాళ్లకి ధైర్యం చెప్పాను..."

అప్పుడు చూశాను. చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. చేతిలో ఫోను. వెలుగుతోంది, ఆరుతోంది. మాటకీ మాటకీ మధ్య బొటనవేలు నొక్కుతూనే ఉంది. అమ్మాయి నంబరు. టీ గ్లాసు ముట్టనే లేదు, మీగడ కట్టింది.



"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీలోంచి కిందికి చూస్తే నీళ్లు! ఎనిమిదో అంతస్తుదాకా!"

"వాన నీళ్లేనా?" అన్నాడు ఇస్త్రీ అతను.

"కాదు, నువ్వు బట్టల మీద చిలకరించే నీళ్లు! వరదయ్యా! అక్కడ ఆలోచిస్తూ కూర్చునే వ్యవధి ఉందా? ఇంటర్వ్యూ బల్ల తిరగేశాను. అందర్నీ అందులో ఎక్కించాను. పెద్దాఫీసరు కుర్చీని వెనక తాడేసి కట్టాను. కిటికీలోంచి బయటికి తోసి, నా సర్టిఫికెట్ల అట్టనే తెడ్డుగా వేసుకుంటూ, ఆ చీకట్లో, ఆ గాలిలో, ఒక్కొక్కళ్లనీ వాళ్ల వాళ్ల ఇంటి ముందు దింపాను."

"ఎవరిల్లు ఎక్కడో నీకెలా తెలుసన్నా?"

"ఇందాకే అడిగాను కదయ్యా!"

వాళ్లు పడీపడీ నవ్వుతున్నారు.

"అందరూ ఇంటికి చేరారా?" అన్నాను.

వాడు నా వైపు తిరిగాడు.

"చేరారక్కా," అన్నాడు. "ఒక్కళ్లు తగ్గకుండా."

ఆ మాట మెల్లిగా అన్నాడు.

"తర్వాత?" అన్నాడు ఇస్త్రీ అతను.

"తర్వాత..."

వాడికి మాట తోచకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

గేటు చప్పుడైంది. ఈసారి గాలి కాదు.

చెప్పులు చేత్తో పట్టుకుని అమ్మాయి. వెనకే వాళ్ల నాన్న. ఇద్దరికీ మోకాళ్లదాకా బురద. తువ్వాలు అమ్మాయి తల మీద వేశాను. తుడవబోయాను. అదే తీసుకుని తుడుచుకుంది.

"బస్సు..." అన్నాను.

"నాది కాదమ్మా, ముందుది. అందర్నీ దింపేశారు, ఎవరికీ ఏం కాలేదు. మేమంతా వంతెన దగ్గర్నుంచి నడిచే వచ్చాం."

"ఫోను?"

"మావయ్య ఆపెయ్యమన్నాడుగా, ఆపాను. తర్వాత ఆన్ చేస్తే అవలేదు. తడిసింది."

తమ్ముడి వైపు చూశాను. వాడు వానలోకి చూస్తున్నాడు.

"ఉద్యోగం సంగతేంటే?" అంది రెండో అంతస్తు ఆవిడ.

"సోమవారం నుంచి రమ్మన్నారు."

వాడు ఒక్క గంతులో లేచాడు. పోయిన గొంతంతా తిరిగొచ్చింది. "చెప్పానా! చెప్పానా లేదా! నేను కూర్చున్న కుర్చీ కిటికీ పక్కనే ఉందా ఇంకా? తొమ్మిదో అంతస్తులో గాలి ఎలా ఉంది?"

అమ్మాయి తుడుచుకోవడం ఆపింది.

"మావయ్యా, అది రేకుల షెడ్డు. అంతస్తులేమీ లేవు. తోపుడు బండ్లు తిరగాలని గడప కూడా పెట్టలేదు. కట్టినప్పణ్ణుంచీ అంతేనట. నేను అడిగాను."

ఇస్త్రీ అతను గోడకి చేరగిలబడి నవ్వాడు. "మరి తొమ్మిది అంతస్తులూ ఏమైనట్టన్నా?"

"వరదొచ్చిందని చెప్పానుగా," అన్నాడు తమ్ముడు. మెల్లిగా మెట్టు మీద కూర్చున్నాడు.

అమ్మాయి వెళ్లి వాడి పక్కన కూర్చుంది.

"పోయేటప్పుడే రోడ్డు మునిగింది మావయ్యా. బస్సు సగంలో ఆపేస్తే అందరం పరిగెత్తాం. లోపలికెళ్లాక మిగతా వాళ్లకి మాట రాలేదు, ఒకటే ఆయాసం. ముందు నేనే వెళ్తానన్నాను. గడువు దగ్గరపడ్డ మందులు ఎక్కడ పెడతావని అడిగారు. ముందు వరసలో అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఎక్కడా ఆయాసం రాలేదు. నువ్వు లిఫ్టు పాడని చెప్పకపోయుంటే..."

"పాడేనమ్మా," అన్నాడు వాడు. "లేని లిఫ్టు ఎక్కడైనా పనిచేస్తుందా?"

మా ఆయన కూడా నవ్వారు.

చల్లారిన టీ తీసేసి మళ్లీ పెట్టాను. వాన సన్నబడింది. ఇస్త్రీ అతను పట్టా దులుపుకుని వెళ్లాడు. ఆవిడ మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

తలుపు వేసే ముందు లెక్క చూసుకున్నాను. అమ్మాయి వచ్చింది. మా ఆయన వచ్చారు.

తొమ్మిదో అంతస్తు నుంచి తమ్ముడు కూడా క్షేమంగా దిగొచ్చాడు.