చివరి కుర్చీ

ఎముకల స్కానింగ్ కోసం చేతికి మందు ఎక్కించుకుని వచ్చి కూర్చున్నాడు భర్త. పక్కనే ఉన్న భార్య లేచి వెళ్లి గది చివరి కుర్చీలో కూర్చుంది. అతనికి మనసు చివుక్కుమంది.

"అదేంటి, అంత దూరం పోయావు?"

"ఆ మందులో రేడియేషన్ ఉంటుందట కదండీ."

"రేపటికల్లా పోతుందట. జబ్బు ఎముకల్లోకి పాకిందో లేదో చూడ్డానికేగా! నీకేం కాదులే, రా."

"నర్సు చెప్పింది సరిగ్గా విన్నారా?"

"విన్నాను. నీళ్లు బాగా తాగమంది. చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దంది. మనకెవరున్నారు గనక?"

"ఇంకా ఏదో చెప్పింది."

"కడుపుతో ఉన్నవాళ్లకి దూరంగా..."

అతని చూపు ఆమె పొట్ట మీదికి వెళ్లింది.

"మీ రిపోర్టు వచ్చాక చెబుదామనుకున్నానండీ."

అతను గబుక్కున లేచాడు. గుర్తొచ్చి, మళ్లీ కూర్చున్నాడు.

"అక్కడే ఉండు. అక్కణ్ణించే చెప్పు, మొదట్నుంచీ."