ఒఫోసు సార్ బటన్

గొవాసో హైస్కూల్, హెడ్‌మాస్టర్ ఒఫోసు గది. కొత్త టర్ము మొదటి రోజు. కంప్యూటర్ టీచర్ అదోమా తలుపు దగ్గర నిలబడి ఉంది.

“మళ్లీ నొక్కాను అదోమా. మళ్లీ అవే ఎర్రక్షరాలు.”

“నొక్కగా నొక్కగా జాలిపడి పనిచేస్తుందా ఒఫోసు సార్? ముందు నా బదిలీ సంగతి...”

“అది జిల్లా ఆఫీసులో ఆగిందన్నానుగా. విద్యాధికారి మేడమ్ దారిలో ఉన్నారు. బటన్ నొక్కితే టైంటేబుల్ దానంతటదే వచ్చేస్తుందని చెప్పుకున్నాను.”

“చెప్పేముందు నన్నో మాట అడగాల్సింది.”

“నా మాక్రో, ఆ బటన్‌ని నడిపే ప్రోగ్రాం, నేను రాసుకుంటే నిన్నడగాలా?”

“మీరు రాసింది పాత కంప్యూటర్‌కి. ఇవి పోయిన టర్ముకి ముందు ఎవరో దానమిచ్చినవి, సాఫ్ట్‌వేర్ వేరు. మీ మాక్రో మాట దీనికి సగమే అర్థమవుతుంది.”

“ఆ సగమైనా చెయ్యొచ్చుగా.”

“చేసింది, చూడండి. ఫిజిక్స్ మెన్సా సార్‌ని ఒకే పీరియడ్‌లో నాలుగు క్లాసుల్లో నిలబెట్టింది. బుధవారం పొద్దున ప్రార్థన తీసేసి లెక్కలు పెట్టింది.”

“మన పిల్లల లెక్కలకి ప్రార్థన అవసరమేలే.”

“నవ్వండి. ఇది టీచర్ల పేర్ల కోసం మీ పాత కంప్యూటర్‌లో వెతుకుతోంది. అదేమో వంటగది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు.”

“మరి పోయిన టర్ములో ఎలా వచ్చింది? నేను నొక్కాను, అందరూ చప్పట్లు కొట్టారు.”

“మీరు నొక్కారు, వాళ్లు కొట్టారు. సెలవులంతా కూర్చుని చేత్తో చేసింది నేను. చేసి పక్క షీట్లో పెట్టాను. మీ బటన్ ఆ షీటు తెరిచిందంతే.”

“అయితే ఈసారీ పెట్టు.”

“పెట్టను. ఈసారి బటన్‌కి మీ మాక్రోనే మళ్లీ తగిలించాను, మీ గొప్ప మీరే చూసుకోండి. నా మొగుడూ కూతురూ అంత దూరాన తకోరాడిలో, నేనిక్కడ మీ బటన్‌కి కాపలా. ఆ పిల్ల ఫోన్లో నన్ను ఆంటీ అంటోంది సార్.”

“అదోమా, కారొచ్చింది. ఇప్పుడు కాదు.”

“ఇప్పుడే. నా అర్జీ ఎక్కడాగిందో ఆ మేడమ్‌నే అడుగుతాను.”

“వద్దు, ఆవిణ్ణి అడక్కు.”

“ఏం? ఆగింది వాళ్ల ఆఫీసులోనేగా.”

“ఆవిడకి నువ్వెవరో కూడా తెలీదమ్మా. నీ అర్జీలన్నీ ఈ సొరుగులోనే ఉన్నాయి. ఆ కంప్యూటర్లు మారిన రోజే నాకర్థమైంది, నువ్వెళ్తే నా బటన్ పనిచెయ్యదని.”